పిస్తోలు ఇంట్లో రెండాకులు

పోయినవారం జరీనాను పరకాల దాటిన బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి వదిలేశాం. పాపం, వారం రోజుల నుంచి అక్కడే ఉంది. బయట పత్తి చేలు విచ్చుకుని తెల్లగా పరుచుకున్నాయి. పొద్దుటి మంచు ఇంకా పూర్తిగా విడలేదు. ఏది పత్తో ఏది మంచో తెలియక ఆమె కళ్లు మూతలు పడుతూ తెరుచుకుంటూ ఉన్నాయి.

ఈ బస్సు మధ్యలో ఎక్కినవాళ్ల కోసం జరిగింది క్లుప్తంగా చెప్పుకుందాం. జరీనా భూపాలపల్లిలో ఆర్మ్‌డ్ రిజర్వ్ కానిస్టేబుల్. కాటారం నాయకురాలు విజయలక్ష్మికి గన్‌మెన్. ఆడమనిషి గన్‌మెన్ ఏమిటని నవ్వకండి, ఆ ఉద్యోగానికి మా వైపు ఉన్న పేరు అదొక్కటే. కొన్నేళ్ల కిందట విజయలక్ష్మి భర్త చంద్రమోహన్‌ను మానేరు వంతెన మీద ఇసుక లారీ గుద్ది చంపింది. ఆ తర్వాత ఆమె ఇసుక లారీల మీద గొంతెత్తింది. బెదిరింపులు వచ్చాయి. ప్రభుత్వం జరీనాను ఆమె పక్కన నిలబెట్టింది. మొన్న దసరా సాయంత్రం, ఊరంతా జమ్మి ఆకును బంగారమంటూ ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటున్న సందడిలో, జరీనా నడుముకున్న పిస్తోలు మాయమైంది. హోల్‌స్టర్ మాత్రం నడుముకే ఉంది.

చిక్కంతా ఆ హోల్‌స్టర్‌తోనే వచ్చింది. అది పాతకాలపు తోలు పౌచ్ కాదు. ఆ చిన్న పిస్తోలు కొలతకే పోతపోసిన నల్లటి గట్టి ప్లాస్టిక్. పిస్తోలు లోపలికి దించితే టక్‌మని లాక్ పడుతుంది. కట్టుకున్న మనిషి బొటనవేలు లోపలివైపు మీట మీద పడితే తప్ప బయటికి రాదు. గుంపులో ఎవడైనా లాక్కోబోతే మనిషి ఊగిపోవాలే గాని పిస్తోలు కదలదు. కాబట్టి పైవాళ్లకు ఆలోచించే శ్రమ తప్పింది. "దానంతట అది రాదు, ఇంకొకడు తియ్యలేడు, అంటే నువ్వే తీసిచ్చినవ్" అన్నారు. సస్పెండ్ చేశారు. కంచే చేను మేసిందని పత్రికలవాళ్లు రాశారు. విజయలక్ష్మి ఇప్పుడు తొర్రూరులో తల్లిగారింట్లో ఉంది. ఈ మధ్యాహ్నం డీఎస్పీ అక్కడికి వచ్చి ఆమె వాంగ్మూలం తీసుకుంటాడు. ఆమె చెప్పే నాలుగు మాటల మీద జరీనాకు ఉద్యోగం మిగులుతుందా, జైలు రాసిపెట్టి ఉందా అన్నది తేలుతుంది. ఆమెను కలవొద్దని జరీనాకు గట్టిగా చెప్పారు. అందుకే ఆమె కలవడానికి బయల్దేరింది.

బస్సు హనుమకొండ దాటింది, వర్ధన్నపేట దాటింది. జరీనా నిద్రపోలేదు, మేలుకునీ లేదు. కళ్లు మూస్తే జమ్మి ఆకులు రాలుతున్నాయి. డప్పులు ఎక్కడో చెరువు అవతల మోగుతున్నట్టు మెత్తగా వినిపిస్తున్నాయి. మొహాలు వస్తున్నాయి, నవ్వుతున్నాయి, కరిగిపోతున్నాయి. కళ్లు తెరిస్తే ముందు సీటు కడ్డీని పట్టుకున్న తన చెయ్యే కనిపిస్తోంది. ఇన్నేళ్లు కుడి నడుము మీద మోసిన బరువు పోతే మనిషి తేలికపడాలి. ఆమె మాత్రం బస్సు కుదిపినప్పుడల్లా కిటికీలోంచి గాలికి కొట్టుకుపోతానేమోనని కడ్డీ వదలడం లేదు. కండక్టరు ఉచిత ప్రయాణపు జీరో టికెట్ ఇవ్వడానికి ఆధార్ కార్డు అడిగాడు. పోలీసు కార్డు ఇదివరకే తీసేసుకున్నారు కాబట్టి అందరు ఆడవాళ్లలాగే ఆధార్ చూపించింది. అంతకంటే పెద్ద అవమానాలు ఈ వారంలో చాలా జరిగాయి గాని, ఎందుకో దీనికే ఆమెకు ఏడుపొచ్చింది.

తొర్రూరులో దిగేసరికి ఎండ పసుపు పచ్చగా కాచింది. రోడ్డు సగం దాకా మక్కజొన్నలు ఆరబోశారు. ఆటోలు వాటిని తొక్కకుండా పాములా వంకర్లు తిరుగుతూ పోతున్నాయి. మార్కెట్ వెనకే విజయలక్ష్మి తల్లిగారిల్లు. గేటు తీసింది ఆ ఇంట్లో వంట చేసే ఈదమ్మ.

"నువ్వా బిడ్డా! నిన్ను లోపటికి రానియ్యొద్దన్నరు గద!"

"ఒక్కపారి కలిసి పోత అవ్వా."

ఈదమ్మ అటూ ఇటూ చూసింది. "నాకు కండ్లు సరిగ్గ కనవడ్తలెవ్వు. ఎవలొచ్చిండ్రో, ఎవలు పోయిండ్రో నాకేం ఎరుక?" అని వంటింట్లోకి పోయి తలుపు మూసుకుంది.

వాకిట్లో బతుకమ్మకు తెచ్చి మిగిలిన గునుగు పూలు ఒక మూల వాడి కుప్పగా ఉన్నాయి. ఆ పక్కనే నవారు కుర్చీలో విజయలక్ష్మి కూర్చుని ఉంది. సభల్లో మైకు లేకుండా మాట్లాడే మనిషి. ఇప్పుడు చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని ఆ కుర్చీలో ఇంత చిన్నగా కనిపించింది. జరీనా అలవాటు కొద్దీ వెళ్లి కుర్చీ వెనక కుడి పక్కన నిలబడింది.

"ఎన్కకు కాదు, నా ఎదురుంగ కూసో" అంది విజయలక్ష్మి. "ఇన్నేండ్లల్ల నీ మొఖం ఒక్కపారన్న నిమ్మళంగ చూసిన్నా నేను?"

జరీనా కూర్చుంది. బస్సులో కూర్చుకున్న మాటలన్నీ ఆ ఒక్క మాటకే చెదిరిపోయాయి.

"అమ్మా, డీఎస్పీ సారుకు ఏం చెప్తరు?"

"ఏం చెప్పమంటవ్?"

"చూసింది చెప్పుండ్రి. నా చెయ్యి పిస్తోలు మీదికి పోయిందా?"

"పోలే."

"గదే చెప్పుండ్రి. నాకు చాలు."

"చాలదు జరీనా. గసువంటి కొత్త హోల్‌స్టరే తెప్పిచ్చి ఒక కానిస్టేబుల్ నడుముకు కట్టిండ్రట. నలుగురు గుంజిండ్రట. ఆయన బోర్ల పడ్డడు గని పిస్తోలు రాలేదట. నా కండ్ల సాక్ష్యం ఎవలు నమ్ముతరు?"

ఇంకో రోజైతే ఆ బోర్లపడ్డ కానిస్టేబుల్‌ను తలచుకుని ఇద్దరూ కడుపుబ్బ నవ్వేవాళ్లు. కారులో ఎన్ని దూరాలు అట్లా నవ్వుకుంటూ దాటారో.

"నాకు తెలువదా అమ్మా, కొత్తగ ఇచ్చినప్పుడు నన్ను గూడ గుంజే చూసిండ్రు. గందుకే నాకు పిచ్చి లేస్తున్నది. నేను తియ్యలే. దానంతట అది రాదు. మరి ఎట్ల వచ్చినట్టు? నా చెయ్యే నాకు తెల్వకుంట తీసిందా అని నా మీద నాకే అనుమానమైతున్నది."

పిచ్చుక ఒకటి మక్కగింజ తెచ్చుకుని గోడమీద వాలి తిని పోయింది. తర్వాత విజయలక్ష్మి నేలవైపు చూస్తూ అడిగింది.

"ఆ సందుల ఏమన్న అడ్డం పడ్తే లాక్ పడదా?"

"ఏం అడ్డం పడ్తదమ్మా?"

"ఆకు."

జరీనాకు అర్థం కాలేదు. విజయలక్ష్మి కొంగు చివర వేలికి చుట్టుకుంటూ చెప్పసాగింది. ఆ దసరా పొద్దు మనం వెనకటి వారాల్లో చూసిందే. కాటారంలో ఇంటి హాల్లో పీట మీద కొడవళ్లు, గొడ్డలి, ట్రాక్టరు బోల్టులు బిగించే పానాలు, కారు తాళాలు వరసగా పెట్టి ఆయుధపూజ చేశారు. విజయలక్ష్మి అడిగితే జరీనా కూడా గుండ్లు తీసి జేబులో వేసుకుని, పిస్తోలునూ హోల్‌స్టర్‌నూ ఆ వరసలో పెట్టింది. హారతి ఇస్తున్నంతసేపూ తను మాత్రం గుమ్మంలో నిలబడి గేటు వైపే చూసింది. డ్యూటీ డ్యూటీయే. సాయంత్రం జమ్మిగద్దె మీద నాటడానికి తెచ్చిన జమ్మి కొమ్మ ఏటా మొదట ఆ ఇంటికే వస్తుంది. ఆ పొద్దు కూడా హాల్లో మూలకు ఆనించి ఉంది.

"ఏటేట బంగారం బీరువాల పెడ్తం, గల్లపెట్టెల పెడ్తం, బియ్యం డబ్బాల పెడ్తం. ఇల్లు సల్లగుండాలె అని. ఆ పొద్దు నీ పిస్తోలును జూస్తే మనసుకు ఏమో అనిపిచ్చింది బిడ్డా. ఇన్ని దినాలు నన్ను కాసింది గదే గద! దానికి గూడ ఓ ఇల్లున్నది గద అనుకున్న. కొమ్మకెల్లి రెండాకుల రెబ్బ తెంపి, ఆ నల్ల డబ్బ సందుల దూర్చిన. పూజ గాకముందు జమ్మి తెంపొద్దంటరు పెద్దలు. తెంపిన."

ఆ రెబ్బ జరీనాకు ఇప్పుడు కళ్లముందు కనిపిస్తోంది. జమ్మి ఆకు చూడ్డానికి చీమంత, దాని ఈనె మాత్రం తీగలా గట్టిది. లాక్ నాలుక వెళ్లి కూర్చునే చోట అది అడ్డం పడితే చాలు. హారతి అయ్యాక గుండ్లు నింపి పిస్తోలును హోల్‌స్టర్‌లోకి దించింది తనే. ప్రతిసారీ టక్ వినేదాకా చెయ్యి తియ్యదు. ఆ పొద్దు సరిగ్గా అప్పుడే గేట్లోకి డప్పులు వచ్చాయి. టక్ డప్పుల్లో కలిసిపోయిందనుకుంది. అసలు పడనే లేదు. పిస్తోలు కొలత బిగువుకే సాయంత్రం దాకా అందులో నిలిచింది.

ముందు ఆమెకు కోపం రాలేదు, సంతోషం వచ్చింది. అంత సంతోషం ఆమె తన పెళ్లిలో కూడా పడి ఉండదు.

"హోల్‌స్టర్‌ను సీలేసి పెట్టిండ్రమ్మా! ఇంకా హైదరాబాద్ ల్యాబుకు పంపలే. ఎవలూ విప్పి చూడలే. ఆకు అండ్లనే ఉంటది! నా చెయ్యి కాదు. నా చెయ్యి కాదమ్మా!" అని తన కుడి చేతిని తనే పట్టుకుని, చంటిపిల్లను నిమిరినట్టు నిమురుకుంది. నవ్వింది, ఏడ్చింది. ఆ తర్వాత కోపం వచ్చింది.

"ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే? పేపర్లల్ల నా ఫోటో ఏసిండ్రు. మా అమ్మ బషీరున్నీసా గడప దాటి బయటికి పోతలేదు. పాలపాకెట్ గూడ పక్కింటోళ్లతోని తెప్పిచ్చుకుంటున్నది. మీరు ఆకు పెట్టింది మీకు తెలుసు. నోరిప్పలే!"

"ఇప్పితే, పెట్టేటప్పుడు ఇంట్ల ఎవలున్నరని అడుగుతరు."

"ఎవలున్నరు?"

విజయలక్ష్మి వాడిన గునుగు పూలవైపు చూసింది. ఆ చూపు తప్పించుకోవడంలోనే జరీనాకు జవాబు దొరికింది. వారం రోజులుగా కలలో వచ్చి కరిగిపోతున్న మొహాల్లో ఒకటి ఇప్పుడు కరగకుండా నిలబడింది.

జమ్మిగద్దె దగ్గర డప్పులు, దుమ్ము, సాయంకాలపు ఎర్రటి వెలుగు. విజయలక్ష్మి కొడుకు హర్షవర్ధన్ గుంపులోంచి వచ్చాడు. చదువు పూర్తిచేసి ఇంట్లోనే ఉంటున్న పిల్లవాడు. "జరీనక్కా, బంగారం" అని ఆమె అరచేతిలో ఆకు పెట్టాడు. ఒక్కసారిగా వంగి ఆమె కాళ్లకు మొక్కాడు. పుట్టి బుద్ధెరిగాక జరీనా కాళ్లకు ఎవరూ మొక్కలేదు. వాళ్ల ఇళ్లలో ఆ పద్ధతే లేదు. కానిస్టేబుల్ కాళ్లకు మొక్కేవాళ్లు ఊళ్లోనూ ఉండరు. ఆమెకు సిగ్గేసింది. పెద్దవాళ్లు చేసేది ఎన్నోసార్లు చూసింది కాబట్టి తనూ అట్లాగే రెండు చేతులూ అతని తల మీద పెట్టి "సల్లగుండు బిడ్డా" అంది. రెండు చేతులూ! గుంపులో ఉన్నంతసేపూ కుడి చెయ్యి నడుము దాటి పైకి లేవకూడదని శిక్షణలో ఎన్నిసార్లు చెప్పారో. హర్ష మెల్లగా, ఆమెకు ఆనుకునే పైకి లేచాడు. నవ్వుతూ గుంపులోకి పోయాడు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగ కాళ్లకు మొక్కితే గన్‌మెన్ మాత్రం ఏం పట్టగలదు చెప్పండి.

"ఆకు పెడ్తుంటే హర్ష తలుపు కాడ నిలబడి చూసిండు" అంది విజయలక్ష్మి. "పిస్తోలుకు గూడ బంగారమా అమ్మా అని నవ్విండు. రాత్రి పిస్తోలు పోయిందన్నప్పుడే నాకు గుండెల రాయి పడ్డది. అడుగలే. అడిగితే నిజం చెప్తడని భయం." ఆమె ముందుకు వంగి జరీనా చేతులు పట్టుకుంది. "నా మాటిను బిడ్డా. ఆకు సంగతి సారుకు నేనే చెప్త. లాక్ పడలే, గుంపుల జారి పడ్డది, ఎవలో ఎత్తుకపోయిండ్రు. గంతే. నీ నౌకరి నీకొస్తది. పిస్తోలు గూడ ఏడనో ఓ తాన దొరికేటట్టు జేస్త. నా కొడుకు పేరు మాత్రం నీ నోట రావద్దు. తండ్రి లేని పిలగాడు."

జరీనా అబద్ధం ఆడే మనిషి కాదని రాస్తే బాగుంటుంది గాని, అది నిజం కాదు. ఆ క్షణంలో ఆమెకు ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా కనిపించింది. తల్లి గడప దాటి, వీధిలో అందరికీ సలాం చెప్తూ పాలకు పోవడం కనిపించింది. ఒక్క మాట మింగితే చాలు, ఆ కలంతా సాయంత్రానికి చేతికొస్తుంది. సరే అనడానికి ఆమె నోరు తెరిచింది కూడా. కాని నోటి నుంచి వచ్చిన మాట వేరు.

"హర్ష ఏడున్నడమ్మా?"

"జనగామ పోయిండు. మా మరిది కొత్త రైసుమిల్లు ఓపెనింగ్."

"జైపాల్ సారు మిల్లుకా? చిన్నబాపు పేరెత్తితె కంచం ముందరికెల్లి లేసిపోయేటోడు గద!"

చంద్రమోహన్‌ను గుద్దిన లారీ ఆయన తమ్ముడు జైపాల్‌దే. ప్రమాదమని పోలీసులు రాసుకున్నారు. హర్ష మాత్రం ఏనాడూ ఆ మాట నమ్మలేదు. తండ్రిని చిన్నబాపే చంపించాడని వాడు కారులో జరీనా ఎదుటే ఎన్నోసార్లు అన్నాడు. అన్నప్పుడల్లా విజయలక్ష్మి కిటికీ అద్దం దించి బయటికి చూసేది.

"మనసు మారిందేమో అనుకున్న" అంది విజయలక్ష్మి. ఆ మాట ఆమెకే నమ్మకంగా లేదు. "పొద్దుగాల్ల తలంటు పోసుకుండు. బీరువాల ఉన్న వాళ్ల బాపు అంగి తొడుక్కుండు. నా కాళ్లకు మొక్కి పోయిండు."

ఆ చివరి మాట దగ్గర ఇద్దరి కళ్లూ కలుసుకున్నాయి.

"పిస్తోలు దాసుకునేతందుకు తియ్యలే అమ్మా వాడు" అంది జరీనా, చాలా నెమ్మదిగా. "ఇప్పుడు నేను నోరు మూసుకుంటే నా నౌకరి మిగుల్తది. హర్ష మిగులడు. ఫోన్ జెయ్యుండ్రి."

"నా చేతులార నా కొడుకును పట్టియ్యాల్నా?"

"ఇంకో గంట ఆగితె పట్టిచ్చుడు గూడ మీ చేతుల ఉండదు."

విజయలక్ష్మి ఫోన్ తీసింది. వేలు రెండుసార్లు తప్పు పేరు మీద పడింది. జరీనా సాయం చేయబోలేదు. ఇది ఆమె తనంతట తను చేయవలసిన పని. అవతల డీఎస్పీ పలికాడు.

"చెప్పండి మేడం, నేను దారిలోనే ఉన్నా."

"సార్, మీరు తొర్రూరు రావద్దు. జనగామ పోండ్రి. పేరు రాసుకోండ్రి." ఆమె లేచి నిలబడింది. సభలో మాట్లాడేటప్పటి గొంతు తెచ్చుకోవాలని చూసింది. "హర్షవర్ధన్. తండ్రి పేరు చంద్రమోహన్." ఆ పేరు చెప్పి కుర్చీ వీపు పట్టుకుంది. "పిస్తోలు నా కొడుకు తాన ఉన్నది. జరీనా తప్పు లేదు. లాక్‌ల ఆకు నేను పెట్టిన, హోల్‌స్టర్ విప్పి చూసుకోండ్రి. నా మరిది జైపాల్‌ను కాపాడుండ్రి. నా బిడ్డను జర సంపకుంట, పానంతోని పట్టుకోండ్రి సార్, మీకు దండం పెడ్త."

డీఎస్పీ ఇంకేమీ అడగకుండా జనగామకు చెప్తానని ఫోన్ పెట్టేశాడు. విజయలక్ష్మి అట్లాగే నిలబడి ఉంది. జరీనా ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఇన్నేళ్లలో ఆమెను గుంపుల్లోంచి పక్కకు లాగడానికి తప్ప ఎప్పుడూ ముట్టుకోలేదు. ఎండ ఇద్దరి మీదా మెత్తగా పడుతోంది. ఎక్కడో మక్కలు తిరగేస్తున్న చప్పుడు వానలా వినిపిస్తోంది. ఇంతటితో అయిపోతే ఎంత బాగుండునని జరీనాకు అనిపించింది.

ఫోన్ మోగింది. తెర మీద హర్ష పేరు. విజయలక్ష్మి ఎత్తకపోతే జరీనాయే అందుకుని స్పీకర్ పెట్టింది. గాలి హోరు, లారీల హారన్లు.

"బిడ్డా, ఏడున్నవ్? చిన్నబాపును ఏం జెయ్యలే గద?"

"ఏం జెయ్యలేదమ్మా." హర్ష గొంతు నిద్రలో మాట్లాడుతున్నవాడిలా ఉంది. "గోదాంల ఒక్కడే దొరికిండు. పిస్తోలు జూసి ఏడ్సిండు. లారీ నాదే గని సంపుమన్నది నేను గాదు అన్నడు. ఆ రాత్రి వంతెన కాడికి ఒక్కనివే రమ్మని బాపుకు ఎవలో ఫోన్ జేసిండ్రట. ఎవలు జేసిండ్రో గూడ చెప్పిండు."

"ఎవలట?" అంది జరీనా, ఆగలేక.

"నువ్వు ఆడనే ఉన్నవా అక్కా? మంచిగైంది. నువ్వు గూడ ఇను." అవతల లారీ ఒకటి హారన్ కొడుతూ దాటిపోయింది. "అమ్మ పేరు చెప్పిండు."

పిట్టగోడ మీది పిచ్చుకలు లేచిపోయాయి. జరీనా చెయ్యి విజయలక్ష్మి భుజం మీదే ఉంది. ఆ భుజం ఉలిక్కిపడుతుందని, ఏందిరా ఈ మాట అని గట్టిగా అరుస్తుందని ఎదురుచూసింది. ఆ భుజం కదల్లేదు.

"పాలకుర్తి దాటినమ్మా, ఇంటికే వస్తున్న. నాకు రోడ్డు సరిగ్గ కనవడ్తలేదు. నువ్వు అబద్ధమని ఒక్క మాట చెప్పు. చిన్నబాపు మాట కాదు, నీ మాటే నమ్ముత. ఈ పిస్తోలును ఈడనే చెరువుల ఇసిరికొట్టి, వచ్చి జరీనక్క కాళ్లు పట్టుకుంట. చెప్పమ్మా."

"చెప్పుండ్రి" అంది జరీనా. "అబద్ధమని చెప్పుండ్రమ్మా. ఒక్క మాట."

విజయలక్ష్మి ఆమె చేతిని తన భుజం మీంచి మెల్లగా తీసేసింది. ఫోన్ దగ్గరికి వంగింది. వంటింట్లో ఉన్న కొడుకును అన్నానికి పిలుస్తున్నంత మామూలుగా అంది.

"ఇంటికి రా బిడ్డా. గది ఫోన్ల చెప్పే మాట గాదు."